కుడిదిక్కు సల్లగుంది

నా లాప్‌టాప్ తెర పైమూలన ఎప్పుడూ రెండు అంకెలు కనిపిస్తుంటాయి. లోపల పక్కపక్కన ఉన్న రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఏది ఎంత వేడెక్కిందో చెప్పే అంకెలు. ఒకటి డెబ్బై, ఇంకొకటి తొంభై చూపిస్తే ఎవరైనా కంగారు పడతారు. నాకు మాత్రం రెండూ సమానంగా కనిపించినప్పుడే గుండె జారుతుంది. మొన్న మధ్యాహ్నం, నాగోల్‌లో ఇంకా పునాది కూడా తవ్వని ఒక అపార్ట్‌మెంటు బొమ్మల పని నడుస్తుండగా ఎనభై ఒకటి, ఎనభై ఒకటి అని వచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఆ రెండింటినీ అలా సమానం చేసిపెట్టినాయన పోయి తొమ్మిది నెలలైంది. పోవడానికి మూడు వారాల ముందు ఆయన ఒంట్లో ఏదో చెడిందని నాకు తెలిసింది. అందరికంటే ముందు నాకే తెలిసింది. చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఈ ముక్క మొదట్లోనే రాసేస్తున్నాను. నా సంగతి నాకు తెలుసు. ఆయన మాటలూ చేష్టలూ ముచ్చటగా రాసుకుంటూ పోయి, దీని దగ్గరికొచ్చేసరికి తప్పించుకుంటాను.

ఆయన పేరు రాయను. ఆయన లాప్‌టాప్ రిపేరు దుకాణం మెట్లెక్కి వచ్చేవాళ్లలో చాలామందికి అది తెలియదు కూడా. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీలో నిలబడి "చెయ్యి పెట్టి చూసే అన్న దుకాణం ఎక్కడ?" అంటే పుస్తకాలమ్మేవాళ్ల దగ్గర్నుంచి టిఫిన్ బండివాళ్ల దాకా అందరూ చూపించేవాళ్లు.

నా పని కట్టబోయే ఇళ్లను కట్టేసినట్టు చూపించడం. బిల్డరు కాగితం మీద గీయించుకొచ్చిన గదుల్లోకి సోఫాలూ కర్టెన్లూ కిటికీలోంచి ఎండా తెచ్చిపెడతాను. మూసీ ఒడ్డున కట్టేవాళ్లకి నీలంగా మెరిసే నది కూడా పెట్టాను, అడిగారు కాబట్టి. ఈ పనికి బలమైన యంత్రం కావాలి. కొత్తది కొనే తాహతు లేక ఒక పాత గేమింగ్ లాప్‌టాప్ తీసుకున్నాను. అమ్మినతను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. "ఇది గదిలో ఉన్నంతకాలం నాకు ఉద్యోగం రాదక్కా" అని దండం పెట్టి మరీ ఇచ్చాడు.

దాన్ని మోస్తే రోలు మోసినట్టుండేది. పని మొదలుపెడితే దాని ఫ్యాన్ల మోతకు మా పక్కింటావిడ "ఈ వేళప్పుడు పిండి రుబ్బుతున్నారేంటండీ?" అని అడిగింది. దాని గొప్పతనమంతా ఆ రెండు చిప్పుల్లో ఉంది. ఇప్పుడు లాప్‌టాప్‌లో రెండేసి పెట్టేవాళ్లు ఎవరూ లేరట. కానీ నాదాంట్లో ఒకటి డెబ్బై దగ్గర హాయిగా ఉంటే, ఇంకొకటి తొంభై మూడుకు ఎగబాకేది. అంత వేడెక్కితే ఆ చిప్పు తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. దానితోపాటు పనంతా నెమ్మదిస్తుంది. మూడు చోట్ల చూపించాను. ముగ్గురూ వేడెక్కినదాని మీద, వేడిని లాగేసే పేస్టు కొత్తగా రాసి పంపారు. రెండు రోజులు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే.

అలాంటప్పుడు ఎవరో చెబితే ఆయన దగ్గరికి వెళ్లాను. మొదటి అంతస్తు, ఒకవైపు జిరాక్స్, ఇంకోవైపు ఆడపిల్లల హాస్టల్. మధ్యలో ఒక బల్ల, ఒక స్టూలు, వచ్చినవాళ్లకు ఒక బెంచీ. ఆయన యాభై దాటిన మనిషి, సన్నగా, చేతులు మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఉన్నాడు. నమస్కారం లేదు, ఏం కావాలని లేదు.

"ఎంత సూపెడ్తున్నది?" అన్నాడు.

నేను పద్ధతైన మనిషిని. పది నిమిషాలకోసారి రెండు చిప్పుల వేడీ రాసిన కాగితం తీసి ఇచ్చాను. మూడు రోజుల లెక్కలు, నిలువు గీతలతో. ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, మెచ్చుకున్నట్టు తలూపి, బల్ల మీద బోర్లా వేసి, నా లాప్‌టాప్ నుంచి ఊడదీసిన స్క్రూలన్నీ దాని మీద పెట్టుకున్నాడు.

"డిగ్రీల మేడం" అని ఆ రోజే పేరు పెట్టేశాడు.

అడుగుమూత తీసి, లాప్‌టాప్‌ను రెండు చెక్కదిమ్మల మీద బోర్లా పెట్టి, అలాగే పని చేయించాడు. అంకెలు పక్కనున్న పాత మానిటర్ మీద కనిపిస్తున్నాయి. ఆయన వాటివైపు చూడలేదు. రెండు చేతులూ చాచి, అరచేతులు కాదు, చేతుల వెనకవైపు, రెండు చిప్పుల పైన రాగిరేకుకు ఒక్కసారిగా ఆనించి, కళ్లు మూసుకున్నాడు. అర క్షణం. తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

"అరచెయ్యి ఎందుకు పెట్టరండీ?" అన్నాను.

"బోరు మోటర్ల కాడ నేర్సుకున్న పని. కరెంటున్నదని ఎరుకలేక అరచెయ్యి పెట్టినవనుకో, చెయ్యి ముడుసుకోని దాన్నే పట్టుకుంటది. ఇడువది. వెనకదిక్కు పెడ్తే, ముడుసుకున్నా నీ దిక్కే ఒస్తది."

"ఒక్క చేత్తోనే ముందు అది, తర్వాత ఇది చూడొచ్చుగా?"

"ఒక చెయ్యికి ముందుగాల ముట్టిందే యాదికుంటది. రెండోదానికి నాయం చెయ్యది. రెండిటిని కొలవాల్నంటే రెండు చేతులు, ఒక్కపాలి పెట్టాలె."

తర్వాత ఆయన చేసిన పని నేను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. కాలిపోతున్న చిప్పును ఆయన ముట్టుకోనేలేదు. చల్లగా ఉన్నదాని దగ్గర స్క్రూలు వదులు చేశాడు. రెండు చిప్పుల మీదా ఉన్నది ఒకే పొడుగాటి రాగిరేకు. అంతకుముందు చూసినవాళ్లు వేడెక్కినవైపే విప్పి బిగించారు. చల్లనివైపు స్క్రూలు మరీ గట్టిగా ఉండడంతో రేకు అటు అణిగి ఇటు వెంట్రుకవాసి లేచింది. ఆ సందులోనే వేడంతా నిలిచిపోతోంది.

"కాలేదాని కాడికే అందరు ఉర్కుతరు," అన్నాడు. "సల్లగున్నదాన్ని ఎవ్వలు అడగరు. ముందుగాల దాన్నే అడగాలె."

మొత్తం ఎనిమిది స్క్రూలు. ఒకదాన్ని పావు చుట్టు తిప్పి, దానికి ఎదురుమూలన ఉన్నదాన్ని పావు చుట్టు తిప్పి, అలా అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాడు. "తోడికోడండ్లకు వడ్డించినట్టు," అన్నాడు నవ్వకుండా. "ఒకామెకు ఇస్తరి నిండ పెట్టి ఇంకొకామె దిక్కు పోవద్దు. అందరికి జరంత, మళ్ల అందరికి జరంత." అరగంట తర్వాత మానిటర్ మీద డెబ్బై తొమ్మిది, ఎనభై అని వచ్చింది. నేను కుర్చీ లేని చోట కూర్చోబోయి నిలదొక్కుకున్నాను.

అప్పట్నుంచి అవసరం ఉన్నా లేకపోయినా రెండు మూడు నెలలకోసారి వెళ్లేదాన్ని. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషను. వెళ్లేసరికి ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేవాడు. హాస్టల్ పిల్లలను తిట్టే తిట్టు ఎప్పుడూ ఒకటే, "పరుపు మీద పెడ్తె అది ఊపిరెట్ల తీస్కుంటది? నీ మొకం మీద మెత్త పెట్టాల్నా, చూస్తవా?" ఒకసారి ఐటీ ఉద్యోగం చేసే అతను నాలుగు రోజులుగా తిరుగుతున్నానని, ప్రాసెసరుకూ గ్రాఫిక్స్ చిప్పుకూ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా పర్లేదు ఇచ్చెయ్యమని బతిమాలాడు. "నీకు పర్వలేదు. దానికి పర్వలేదా?" అని ఇవ్వకుండా పంపించేశాడు. అతను మెట్లు దిగుతూ గట్టిగానే ఏదో అన్నాడు. ఆయన వినలేదు, కళ్లు మూసుకుని ఉన్నాడు.

లోకంలో ఉన్న ప్రతిదాన్నీ చేతి వెనకవైపుతో పలకరించేవాడు. పుచ్చకాయను, ఆటో సీటును, నీళ్ల క్యానును, జిరాక్సు మిషన్ను. నేను మెట్రోలో తెచ్చిన సంచీని ముందు అలా తాకి "ఎండల నడిసినవా?" అనేవాడు. నా భాష మీద ఎగతాళి సరేసరి. మా నాన్నది గుంటూరు. నేను పుట్టింది కొత్తపేటలోనే అయినా మా ఇంటి మాట నాకు పోలేదు. "గీ అండీలు తీసేస్తే నీ ముచ్చట సగంల ఒడుస్తది చెల్లె" అనేవాడు. మేడం నుంచి చెల్లెకు ఎప్పుడు దిగాడో గుర్తులేదు. నేనూ అండీ మానేసి అన్నా అనడం మొదలుపెట్టాను.

మా ఇద్దరికీ తీరని పేచీ ఒక్కటే. నేను తెర మీద అంకెను నమ్ముతాను. ఆయన చేతిని నమ్ముతాడు. "గా అంకె ఎవడో లోపల రాసి పెట్టిండు. నా చెయ్యిని ఎవ్వలు రాయలే" అనేవాడు. నేను ఒక్క డిగ్రీ తేడా కనిపించినా ఫోన్ చేసేదాన్ని. "దాన్నిడిసి అన్నం తిను పో" అనేవాడు. అయినా మర్నాడు వెళితే చూసేవాడు. చాలాసార్లు అంకే చెయ్యీ ఒకే మాట చెప్పేవి. అప్పుడు ఇద్దరం మేమే గెలిచినట్టు ముఖాలు పెట్టేవాళ్లం.

పోయిన ఎండాకాలం ముందు ఆయన దగ్గర ఒక కొత్త మాట మొదలైంది. ఎవరి లాప్‌టాప్ చూసినా "కుడిదిక్కు సల్లగుంది" అనేవాడు. విప్పేవాడు, బిగించేవాడు, మళ్లీ విప్పేవాడు. నేను వెళ్లిన రెండుసార్లూ బాగై వెళ్లినవే తిరిగొచ్చి బల్ల మీద ఉన్నాయి. "ఏంటన్నా, ఊళ్లో లాప్‌టాప్‌లన్నిటికీ కుడివైపే జబ్బు చేసిందా?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఎండలు ముదిరాక నాదాన్ని దుమ్ము దులిపించడానికి తీసుకెళ్లాను. పదకొండు గంటలవేళ. బెంచీ మీద ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన దులిపి, పేస్టు మార్చి, బిగించి, పని చేయించాడు. మానిటర్ మీద ఎనభై ఒకటి, ఎనభై ఒకటి. నేను ఫోన్‌లో ఫోటో కూడా తీసుకున్నాను, అంత ముచ్చటగా ఉంది.

ఆయన చేతులు పెట్టి, కళ్లు మూసుకుని, "కుడిదిక్కు సల్లగుంది" అన్నాడు.

"రెండూ ఒకటే చూపిస్తోందన్నా."

"దానికేమెరుక."

మళ్లీ విప్పాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ ఎనభై ఒకటి, ఎనభై ఒకటి. మళ్లీ అదే మాట. మూడోసారి స్క్రూడ్రైవర్ అందుకుంటుంటే నాకు విసుగొచ్చింది. సాయంత్రానికి ఒక బిల్డరుకు పని అప్పజెప్పాలి. "ఆగన్నా" అని, నడుస్తున్న లాప్‌టాప్‌ను దిమ్మల మీదే గిర్రున తిప్పి, ఆయన కుడిచేతి కింద ఉన్నది ఎడమచేతి కిందికి వచ్చేట్టు పెట్టాను. "ఇప్పుడు చూడు. ఆ చల్లనిది ఇప్పుడు నీ ఎడమచేతి కింద ఉంది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చేతులు ఆనించాడు. ఎడమ చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. కుడి చెయ్యి అక్కడే ఉంది.

"కుడిదిక్కు..." అని ఆగిపోయాడు.

కళ్లు తెరిచాడు. లాప్‌టాప్‌ను చూడలేదు, మానిటర్‌ను చూడలేదు. రాగిరేకు మీద ఇంకా అలాగే ఉన్న తన కుడిచేతిని చూశాడు. అది ఎవరిదో చెయ్యి అయినట్టు చూశాడు. నేనే ఆయన మణికట్టు పట్టుకుని పైకి లేపాను. వేళ్ల కణుపుల మీద చర్మం ఎర్రగా కందిపోయింది. దాని పక్కనే రెండు మూడు పాత మచ్చలున్నాయి. సోల్డరింగ్ చేస్తూ కాల్చుకున్నాడని అంతకుముందు చూసి అనుకున్నవే.

ఇద్దరికీ అర్థమైంది. ఫ్యాన్ల మోతలో బెంచీ మీదివాళ్లకు ఏమీ తెలియలేదు. ఆయన చొక్కా చెయ్యి కిందికి లాగి, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, నావైపు వంగాడు.

"బయట అనకు చెల్లె. గీ చెయ్యి మీదనే నడుస్తున్నది దుకాణం."

"అననన్నా," అన్నాను.

ఒట్టు పెట్టలేదు కానీ ఒట్టు పెట్టినంత బరువుగా అన్నాను. ఒకరి గుట్టు నా దగ్గర దాచుకున్నారన్న గర్వం కూడా ఉంది ఆ మాటలో. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. ఎక్కగానే ఫోన్‌లో వెతికాను, ఒక చెయ్యి మొద్దుబారడం గురించి. వచ్చిన మొదటి వాక్యమే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లమని. రెండోదీ అదే. నెట్‌లో దగ్గు గురించి వెతికినా చావు దాకా తీసుకెళతారులే అనుకుని ఫోన్ లోపల పెట్టేశాను. ఎల్.బి.నగర్ వచ్చేలోపల ఆయన చెయ్యి పోయి బిల్డరు సోఫాలు నా తలలోకి వచ్చాయి.

అలాగని మర్చిపోయానా అంటే లేదు. నాలుగు రోజులు ఆలోచించి నాకు తోచిన సాయం చేశాను. దూరం నుంచి గురిపెట్టి మీట నొక్కితే ఎంత వేడుందో చూపించే తుపాకీలాంటిది ఉంటుంది. కరోనా రోజుల్లో గేటు దగ్గర నుదుటికి గురిపెట్టేవాళ్లు చూడండి, అలాంటిదే, కాకపోతే ఇది రిపేరు పనులకు వాడే రకం. అది కొని తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన ముందు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో పట్టుకుని ఫ్యానును, చాయ్ గ్లాసును, గోడను, చివరికి నా తలను కొలిచాడు.

"ముప్పై నాలుగే ఉన్నది. ఇంకా గరమున్నదనుకున్న," అన్నాడు.

ఇద్దరం బాగా నవ్వాం. ఆయనను నేను చివరిసారి చూసింది అప్పుడే. చెయ్యి చెడిపోతే చేతికి బదులు ఒక వస్తువు తెచ్చిచ్చాను. చెయ్యి ఎందుకు చెడిందని అడగలేదు. కాలేదాని దగ్గరికి అందరూ ఉరుకుతారని ఆయన అన్నప్పుడు ఆ అందరిలో నేను లేననుకున్నాను. తర్వాతి వారం ఒకసారి ఫోన్ కూడా చేశాను, చెయ్యి ఎలా ఉందని అడుగుదామనే చేశాను. ఆయన ఎత్తగానే నోటికి ఆ మాట రాలేదు. ఫ్యాను ఏదో గరగరమంటోందని అబద్ధం చెప్పాను. "తీస్కరా, చూద్దాం" అన్నాడు.

పనుల్లో పడి మూడు వారాలకు గానీ వెళ్లలేదు. తీసుకెళ్లేసరికి దుకాణం తెరిచే ఉంది. ఆయన స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. చిన్న మనిషి, నూలుచీర, చేతులు ఒళ్లో పెట్టుకుని. గోడవారన లాప్‌టాప్‌లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఆయన పెన్సిలు రాతతో చీటీ. ఆయన భార్య అని చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తోంది. పన్నెండు రోజుల కిందట హయత్‌నగర్‌లో ఇంట్లో పొద్దున్నే నల్లా దగ్గర పడిపోయాడట. రెండు రోజులు దవాఖానలో ఉన్నాడట. ఆమె ఇవన్నీ వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతుతో చెప్పింది.

నా చేతిలో సంచీని చూసింది. "డిగ్రీల మేడం నువ్వేనా?"

"అవును వదినా."

"నీ ముచ్చట జెప్తుండె." బెంచీ చూపించింది. కూర్చున్నాను. ఆమె నెమ్మదిగా అంది, "పెద్ద డాక్టరు అన్నడమ్మా, చెయ్యి మొద్దువడ్డనాడే తీస్కొస్తే బతుకుతుండె అని. మెదడుకు పోయే నరం మూస్కపోయిందట. నాతోని జెప్పిండు ఆయన, చెయ్యి జర తిమ్మిరున్నది అని. పోదాం పా దవాఖానకు అన్న. ఏమన్నడు ఎరుకనా? డిగ్రీల మేడం చూసింది, ఆమె ఏమనలే. ఒక్క డిగ్రీ ఎక్కువుంటేనే ఊకోదు ఆమె, ఏమన్న ఉంటే అనకుంట ఉంటదా, అన్నడు. గా మాటకు నేను గూడ ఊకున్న."

ఆ రోజు నేను నోరు మూసుకోవడాన్ని ఆయన జవాబుగా తీసుకున్నాడు. నా మీద అంత నమ్మకం ఉందని నాకు తెలియదు.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఒక మాట తెలుసుకుంటే తప్ప తనకు నిద్ర పట్టదన్నట్టు చూసింది. "నిజంగనే ఏమనలేదా అమ్మా నువ్వు?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అనలేదు వదినా, నాదే తప్పు, తిట్టు, కొట్టు అని ఉండాల్సింది. నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"అన్నాను వదినా. ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లమన్నాను. మళ్లీ ఫోన్ చేసి కూడా చెప్పాను."

"చెప్పినవా?"

"చెప్పాను."

ఆమె తల తిప్పుకుని ఆయన బల్లవైపు చూసింది. కాసేపటికి భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడుపు కాదు, కోపం. "గింత మొండోనివా నువ్వు," అంది బల్లతో. "ఆ పిల్ల రెండుపార్లు జెప్తే ఇనకపోతివి. పైనుంచి ఆమె ఏమనలే అని నాకు అబద్ధం జెప్తివి. ముప్పై ఏండ్లల ఒక్క అబద్ధమాడలే నా మొగడు అని చుట్టాలందరికి జెప్పుకుంట తిరిగితి. పోయేముందట ఎందుకు ఆడినవ్? నాకెందుకు జెప్పకపోతివి?"

నేను లేచాను. ఆమె తిడుతూనే ఉంది. జిరాక్సు దుకాణంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎల్.బి.నగర్‌లో హయత్‌నగర్ బస్సు మూడుసార్లు ఎక్కాను. రెండుసార్లు మధ్యలోనే దిగిపోయాను. మూడోసారి, పోయిన నెల, డిపో దాకా వెళ్లి, అడుగుతూ అడుగుతూ వాళ్ల ఇల్లు పట్టుకున్నాను. చెప్పాల్సిన మాటలు దారంతా లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆమె గుమ్మంలో పక్కింటామెతో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను చూడగానే లేచి, ముఖం విప్పారి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కుర్చీ వేసింది. చెంబుతో నీళ్లు తెచ్చింది.

"గీమెనే," అంది పక్కింటామెతో, నా భుజం మీద చెయ్యి వేసి. "చెప్తుంటి గద. పాపం, మా ఆయనకు రెండుపార్లు జెప్పింది దవాఖానకు పొమ్మని. ఇంటే గద ఆ మొండోడు."

పక్కింటామె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సొంత చెల్లెలన్న గంత పట్టించుకోదు," అంది.

నేను నీళ్లు తాగి వచ్చేశాను.